మేస్త్రీ సారు తర్వాత

మా పక్క స్థలంలో ఎవరో ఇల్లు కడుతున్నారు. పొద్దున్నే ఒకామె వచ్చి ఇటుకల కుప్ప మీద గొట్టంతో నీళ్లు పడుతుంది. ముందురోజు ఎండంతా తాగిన ఇటుక మీద మొదటి నీళ్లు పడగానే సుయ్‌మని సన్నటి చప్పుడు వస్తుంది, దాని వెనకే ఒక వాసన లేస్తుంది. వాన వాసనలాగే ఉంటుంది కానీ అది కాదు; కొంచెం పొగ కలిసి, కొంచెం పుల్లగా ఉంటుంది. దుమ్ము వస్తోంది, కిటికీ వేయమని ఇంట్లోవాళ్లు అంటారు. నేను చాయ్ పక్కన పెట్టి ఆ కిటికీ దగ్గరే నిలబడతాను. ఆ వాసనకు నాకు యేసురత్నం సారు గుర్తొస్తారు. సూర్యాపేటలో మా బడి డ్రిల్ మాస్టరు ఆయన. మాకు బాస్కెట్‌బాల్ నేర్పిన మనిషి. ఇరవై ఏళ్లకు పైగా ఆ పని చేశాక ఆయనను తీసేశారు. ఆ స్థానంలో పెట్టింది నన్నే. ఆయనను చూసినవాళ్లు ఇప్పుడు ఒకరిద్దరు తప్ప లేరు కనుక, చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

యేసురత్నం సారు మొదట మాస్టరు కారు, తాపీ మేస్త్రీ. కోదాడ దగ్గర ఒక పల్లెలోని క్రైస్తవ కుటుంబం వాళ్లది. మిషన్ వాళ్లు సూర్యాపేటలో బడి కట్టిస్తుంటే పనికి వచ్చారు. గోడలు లేచాక, అప్పుడు అక్కడ పాఠాలు చెబుతున్న ఒక తెల్లదొర మైదానంలో ఇటొకటి అటొకటి రెండు స్తంభాలు పాతమన్నాడట. ఎందుకో తెలియకుండానే సారు వాటిని పాతారు. స్తంభాలకు చెక్క పలకలు బిగించారు. బండి చక్రానికి తొడిగే ఇనుప పట్టాను కమ్మరి వంచి ఇస్తే ఆ కడియాలను పలకలకు కొట్టారు. దొర బంతి విసిరి చూపించి, నువ్వూ విసురు అని మేస్త్రీ చేతికి ఇచ్చాడని, మొదటిసారే బంతి కడియంలోంచి పడిందని ఊళ్లో ఒక కథ ఉండేది. సారును అడిగితే, పడడం కాదు, పలకకు కూడా తగల్లేదు అని నవ్వేవారు. కొన్నాళ్లకు దొర తన దేశం వెళ్లిపోయాడు. మైదానంలో గడ్డి మొలుస్తుంటే అప్పటి హెడ్మాస్టరు మేస్త్రీనే పిలిచి, ఆ ఆట తెలిసినవాడివి నువ్వొక్కడివే, డ్రిల్ మాస్టరుగా ఉండిపో అన్నారు. అలా ఉండిపోయారు. ఊరివాళ్లు ఆ ఆటను గంపబంతి అనేవాళ్లు, ఆయనను మేస్త్రీ సారు అనేవాళ్లు. ఆ పేరులో గౌరవం ఎంతో వెక్కిరింత ఎంతో ఆయన ఎప్పుడూ లెక్క చూసుకోలేదు. కోదాడకూ మిర్యాలగూడకూ తనే వెళ్లి, అక్కడి బడుల పెద్దలను ఒప్పించి, తన చేత్తోనే స్తంభాలు పాతి వచ్చారు. ఎదుటి జట్టు లేకపోతే ఆట ఎవరితో ఆడతారు అన్నది ఆయన ప్రశ్న.

నేను నేతపని చేసేవాళ్ల పిల్లవాణ్ణి. పొడుగ్గా ఉన్నానని సారు నన్ను జట్టులో వేసుకున్నారు. మొదటి నెల మాకు బంతి ఇవ్వలేదు. అయిదుగురం వరుసగా నిలబడి ఒకరి చేతి నుంచి ఒకరికి ఇటుకలు అందించాలి, పరంజా మీదికి కూలీలు అందించినట్టు. కళ్లు ఇటుక మీద ఉండకూడదు, అందించే మనిషి మీద ఉండాలి. ఇటుక చేతిలో ఆగకూడదు. సాయంత్రానికి అరచేతులు గీరుకుపోయి ఎర్రబడేవి. బంతి చేతికొచ్చాక నాకు గర్వం వచ్చింది. ఒకరోజు ఆటలో పక్కవాడు ఖాళీగా నిలబడి చేతులు చాపినా నేను వాడికి ఇవ్వకుండా, ఇద్దరిని తోసుకుంటూ పోయి నేనే వేశాను. బంతి పడింది. సారు నన్ను పక్కకు పిలిచి, ఒక ఇటుక నా చేతిలో పెట్టి, చెయ్యి చాపి నిలబడమన్నారు. మిగతావాళ్ల ఆట సాగుతోంది. చాలాసేపటికి నా దగ్గరికి వచ్చారు.

“బరువున్నదా?” అని అడిగారు.

ఉందన్నాను.

“మొన్నటిదాక గదే ఇటుక. బరువున్నదని ఒక్కనాడు అనలే నువ్వు. చేతులు మారుతుంటే దానికి బరువుండది. ఒక్కనివే పట్టుకుంటే ఉంటది.”

ఆ తర్వాత ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. తిట్టడం, కొట్టడం ఆయనకు చేతకాదు. మా బడిలో బెత్తం లేని మాస్టరు ఆయన ఒక్కరే.

నేను మెట్రిక్ ముగించి, హైదరాబాదులో వ్యాయామ శిక్షణ పూర్తి చేసుకుని వచ్చేసరికి మా ప్రాంతం తలకిందులైంది. నిజాం పాలన పోయింది. బడిలో ఉర్దూ పోయి తెలుగు వచ్చింది. పల్లెల్లో మాత్రం ఇంకా నెమ్మది రాలేదు. బాటల మీద పొద్దుగూకాక కనబడిన పడుచువాణ్ణి పోలీసులో దళాలో ఎవరు ఆపి ఏమడుగుతారో, ఏ పక్కవాడంటారో తెలియని రోజులు. తల్లిదండ్రులు దీపాలు పెట్టకముందే పిల్లలను ఇంట్లోకి పిలుచుకునేవాళ్లు. అలాంటి కాలంలో నాకు మా బడి నుంచే కబురు వచ్చింది. కొత్త హెడ్మాస్టరుగారు కోస్తా నుంచి వచ్చినాయన. శుభ్రమైన మనిషి, నియమం తప్పని మనిషి. నా కాగితాలు చూసి ఉద్యోగం ఇస్తున్నామన్నారు. సారుకు సహాయంగానేమో అనుకున్నాను. కాదని అప్పుడు చెప్పారు.

“చూడు నరసింహం, నీ చేతిలో సర్టిఫికెట్టు ఉంది, ఆయన చేతిలో లేదు. సర్టిఫికెట్టు లేనివాళ్లను ఉంచొద్దని పైనుంచి కాగితం వచ్చింది. నన్నేం చెయ్యమంటావు?”

మరి ఆయన ఏం చేస్తారు అని అడిగాను. తాపీపని ఎలాగూ వచ్చు కదా అన్నారాయన. కించపరచాలని అన్న మాట కాదది. నిజంగానే అది మంచి ఉపాయం అనుకుని అన్నారు. నాకు చెవులు వేడెక్కాయి. అయినా ఆ ఆర్డరు కాగితం వద్దని అనలేదు. మా నాయనకు చూపు మందగించి మగ్గం గుంటలో దిగడం మానేసి అప్పటికి ఏడాది. ఆ సంగతి ఇప్పుడు సాకుగా చెప్పుకోవచ్చు. అసలు సంగతేమంటే, ఆ మైదానం నాకు కావాలి. సారు నిలబడే చోట నిలబడాలని చిన్నప్పటి నుంచి నాకు ఆశ ఉంది. ఆయనను పక్కకు జరిపి నిలబడవలసి వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆ సాయంత్రం సారు ఇంటికి వెళ్లాను. ఆయన భార్య మార్తమ్మ గడప ముందు కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చిన్నప్పుడు నాకు ఎన్నోసార్లు అన్నం పెట్టిన తల్లి. చేటలోంచి తల ఎత్తకుండానే అంది: “నువ్వు గాకుంటే ఇంకొకడొచ్చేటోడు, అది నాకెర్కే. కానీ నువ్వే వచ్చినవ్ గదా, కొడుకా.” సారు లోపలి నుంచి వచ్చి, నన్ను చూసి, పొద్దున్నే గట్టి చెప్పులు వేసుకుని రమ్మన్నారు. నడిచేది చాలా ఉన్నది అన్నారు.

మరునాడు బడిలో సామాను గది తెరిచి అప్పజెప్పారు. రెండు బంతులు, అందులో ఒకటి గాలి నిలవనిది. ఊదే సీటీ ఒకటి. సున్నం గీతలు వేసే డబ్బా. అంతా చూపించడానికి చాయ్ తాగినంత సేపు పట్టలేదు. నేను తాళంచెవి జేబులో వేసుకుంటుంటే సారు, అప్పజెప్పేది ఇది కాదు, పద అన్నారు. అలా మొదలైన నడక దాదాపు నెలరోజులు సాగింది. జట్టులో ఎనిమిదిమంది పిల్లలు. ఒక్కొక్కరి ఇంటికి నన్ను తీసుకుపోయారు. ఇద్దరు సూర్యాపేటలోనే ఉన్నారు, మిగతావాళ్లు చుట్టుపక్కల పల్లెలవాళ్లు. ఒకడిది నిడమనూరు వైపు, బడి దగ్గర మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. మేనమామకు చెబితే సరిపోతుంది కదా అని నేనంటే సారు వినలేదు. బస్సెక్కించి, బస్సు దిగాక పొలాల గట్ల మీద నడిపించి, కన్నతండ్రి వరినాటు దగ్గర బురదలో నిలబడి ఉంటే ఆయన ముందు నన్ను నిలబెట్టారు. ప్రతి ఇంట్లో చెప్పే మాట ఒకటే. ఇగ నేను ఉండను, ఈయన ఉంటడు, నీ పిల్లగాణ్ణి ఊరు దాటిస్తే ఈయనే దాటిస్తడు, మొఖం సూసి పెట్టుకో. తర్వాత పక్కకు జరిగి, మాట్లాడడం నాకు వదిలేసేవారు. మొదట్లో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఆట వల్ల ఆరోగ్యం గురించి శిక్షణలో చెప్పిన మాటలు అప్పజెప్పేవాణ్ణి. వాళ్లు మర్యాదకు తల ఊపేవాళ్లు. తిరిగి వచ్చే దారిలో సారు, నువ్వు చెప్పింది వాళ్లు అడగలేదు కదా అనేవారు. వాళ్లు ఏం అడిగారో అడిగితే చెప్పేవారు కాదు. నడిచేవారు.

అన్నింటికన్నా కష్టమైన ఇల్లు మల్లయ్యది. గరిడేపల్లి బాటలో ఒక ఊరు వాళ్లది, గొర్లు మేపుకునే కుటుంబం. కొడుకు లింగయ్య మా జట్టుకు ప్రాణం. సన్నగా ఉండేవాడు. పరుగెత్తే గొర్రెపిల్లను ఒడుపుగా పట్టే చేతులు వాడివి, బంతి కూడా అలాగే పట్టేవాడు. మేము వెళ్లేసరికి మల్లయ్య దొడ్డి ముందు ఒక గొర్రె డెక్క పైకెత్తి పట్టి ముల్లు తీస్తున్నాడు. సారును చూసి లేచి, గొంగడి పరిచాడు. నేను కొత్త మాస్టరునని తెలిశాక మళ్లీ గొర్రె దగ్గరికి పోయి కూర్చున్నాడు. మల్లయ్య అన్న కొడుకు అంతకుముందు ఏడాది పొద్దుపోయాక బాట మీదికి పోయినవాడు తిరిగి రాలేదు. ఎవరు తీసుకుపోయారో ఈనాటికీ తెలియదు. లింగయ్యను బడి వరకు పంపుతాను, ఊళ్లు తిరిగే ఆటలకు మాత్రం ఈ సారు ఉన్నంత కాలమే అని ఆయన ఖచ్చితంగా చెప్పేశాడు. సారు నావైపు చూడలేదు. దొడ్డి వైపు చూస్తూ కూర్చున్నారు. నేను ఆరోగ్యం గురించి చెప్పబోయి ఆగిపోయాను. ఆ మనిషి అడుగుతున్నది ఏమిటో అప్పుడు తెలిసింది.

“దీపాలు పెట్టకముందు నీ కొడుకును నీ ఊరి బాట మీద దించుత మల్లయ్యా. ఏ ఊరు పోయినా సరే. నా మాట,” అన్నాను.

మల్లయ్య ముల్లు తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, దూరంగా పారేశాడు. గొర్రెను వదిలాడు. అది కుంటకుండా మందలోకి పోయేదాకా చూసి, సరే పో అన్నాడు. ఎవరితో అన్నాడో, గొర్రెతోనా నాతోనా అని నాకు సందేహం. సారు మాత్రం లేచి తువ్వాల దులుపుకున్నారు. దారిలో ఆ రోజు ఆయన నన్ను ఏమీ అనలేదు.

నెల తిరగ్గానే సారు, మార్తమ్మ కోదాడలో ఉన్న కూతురు దగ్గరికి వెళ్లిపోయారు. మైదానంలో నేను ఒక్కణ్ణే మిగిలాను. పిల్లలు నా మాట వినకపోవడమంటూ లేదు, చెప్పినవన్నీ చేసేవాళ్లు. కానీ బంతి చేతులు మారినప్పుడల్లా, పాత అలవాటున, మైదానం చివర వేపచెట్టు వైపు ఒకసారి చూసేవాళ్లు. సారు ఎప్పుడూ నిలబడే చోటది. శిక్షణలో నేర్చుకున్న కసరత్తులు పెట్టాను, కొత్త ఎత్తుగడలు బొగ్గుతో గోడ మీద గీసి చూపించాను. వాళ్ల ఆట చెడిపోలేదు, బాగుపడనూ లేదు. ఒకరోజు ఇక లాభం లేదని ఇటుకలు తెప్పించాను. ఇటుకలు చూడగానే వాళ్ల ముఖాలు విప్పారాయి. నాకు సంతోషమూ ఉక్రోషమూ రెండూ కలిగాయి.

చలికాలంలో మిర్యాలగూడ జట్టు నుంచి పిలుపు వచ్చింది. మూడు ఊళ్ల పోటీలో వాళ్లను మా బడి ఒక్కసారీ గెలవలేదు. సారు తయారుచేసిన జట్లలో కూడా ఏదీ గెలవలేదు. ఈసారి మా జట్టు బలంగా ఉందని అందరికీ తెలుసు. హెడ్మాస్టరుగారు కూడా, కప్పు తెస్తే బడికి పేరు వస్తుంది, నీ ఉద్యోగం ఖాయం కావడానికీ మంచిది అన్నారు. పొద్దున బస్సుకు వెళ్లాం. ఆట మూడింటికి మొదలు కావాలి. తిరుగు బస్సు అయిదుకు. అదే ఆఖరు బస్సు, గరిడేపల్లి మీదుగా పోయేది. ఆట మొదలుపెట్టవలసిన పెద్దమనిషి ఒకరు రావడం ఆలస్యమైంది. ఆయన వచ్చి, మాట్లాడి, దండ వేయించుకునేసరికి నాలుగు దాటింది. నేను గడియారం చూసుకుంటూనే ఉన్నాను. మధ్య విరామంలో మిర్యాలగూడ మాస్టరు దగ్గరికి పోయి, మిగతా ఆట రేపు పొద్దున పెట్టుకుందామా అని అడిగాను. గెలుస్తామనుకుంటే ఉండండి, లేకపోతే పొండి అని ఆయన నవ్వాడు.

ఆ ఆట ఎంత బాగా ఆడారో రాయడం నాకు చేతకాదు. ఎనిమిది మందిలో ఎవరూ వేపచెట్టు కోసం వెతకలేదు. బంతి ఒక చేతిలో ఆగిందని అనిపించనే లేదు. ఒక్క పాయింటు వెనక ఉన్నాం. ఇంకా అయిదు నిమిషాల ఆట ఉంది. బంతి లింగయ్య చేతికి వచ్చింది. బడి ముందు రోడ్డు మీద బస్సు వచ్చి నిలబడి హారను కొట్టింది. కండక్టరుకు పొద్దునే చెప్పి పెట్టాను, మా కోసం ఒక్క నిమిషం ఆగుతాడు. అంతే. రెండోసారి హారను మోగింది. నేను మైదానంలోకి నడిచి వెళ్లి సీటీ వేసేవాయనతో, మేము ఆట వదిలేస్తున్నాం అన్నాను. ఆయనకు అర్థం కాక మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను.

లింగయ్య బంతి పట్టుకునే నిలబడ్డాడు. వాడికీ కడియానికీ మధ్య ఎవరూ లేరు. వాడి ముఖంలోకి చూడకుండా, “బంతి కింద పెట్టు లింగయ్యా, బస్సొచ్చింది,” అన్నాను.

వాడు పెట్టాడు. జనం నవ్వారు, కొందరు ఈలలు వేశారు. మా పిల్లలు చెమటలతోనే బస్సెక్కారు. బస్సులో అందరూ కిటికీల వైపు తిరిగి కూర్చున్నారు. మూసీ దాటాం. దారిలో ఎవరూ మమ్మల్ని ఆపలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. ఆ రోజంత ప్రశాంతంగా ఆ బాట ఎప్పుడూ లేదనిపించింది. లింగయ్య ఊరి దగ్గర బస్సు ఆగేసరికి పడమట ఇంకా వెలుగు ఉంది. బాట పక్కన మల్లయ్య కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో మరి. కొడుకు దిగగానే భుజాల మీద గొంగడి కప్పాడు. నావైపు ఒకసారి చూశాడు. లింగయ్య వెనక్కి తిరిగి చూడలేదు.

మరునాడు హెడ్మాస్టరుగారు నన్ను నిలబెట్టి మాట్లాడారు. గెలిచే ఆటను బస్సు కోసం వదిలి వచ్చేవాడిని ఏమనాలి అన్నారు. ఒక్క రాత్రి అక్కడే ఎక్కడో తల దాచుకుని ఉంటే ఏమయ్యేది అన్నారు. నేను మల్లయ్యకు ఇచ్చిన మాట చెప్పాను. ఒక గొర్లకాపరికి ఇచ్చిన మాటకు బడి పరువు తాకట్టు పెట్టావా అన్నారు. పిల్లలు వారం రోజులు మైదానానికి సరిగా రాలేదు. వచ్చినవాళ్లు ఊరికే బంతి గోడకు కొట్టి పోయేవాళ్లు. లింగయ్య అసలు రాలేదు. నేను చేసింది సరైన పనే అని చెప్పేవాళ్లు ఒక్కరు కావాలనిపించింది. ఆదివారం బస్సెక్కి కోదాడ వెళ్లాను.

సారు ఒక ఇంటి గోడ కడుతూ పరంజా మీద ఉన్నారు. అరవై దాటిన మనిషి. కింద ఒకామె తడిపిన ఇటుకలు అందిస్తోంది. నన్ను చూసి దిగలేదు, నన్నే పైకి రమ్మన్నారు. పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆయన దారం సరిచూసుకుంటూ, తాపీతో సున్నం గీస్తూ విన్నారు. అంతా అయ్యాక, “నేనైతే ఆడించేటోణ్ణి,” అన్నారు.

మరి మల్లయ్యకిచ్చిన మాట అన్నాను. బస్సు డ్రైవరు చేతికి కబురు ఇచ్చి, రాత్రికి మిర్యాలగూడలో తనకు తెలిసినవాళ్ల ఇంట్లో పిల్లలను పడుకోబెట్టి, పొద్దున తనే మల్లయ్య ఇంటికి పోయి కూర్చునేవాణ్ణి అన్నారు. మల్లయ్య కోప్పడడు, నేనంటే ఎన్నేళ్ల నుంచో ఎరుక గదా అన్నారు. అయితే నేను చేసింది తప్పేనా అని అడిగాను.

“తప్పని నేననలే. మల్లయ్యకు నా మాట కొత్తది గాదు, అందుకని నాకు జర సందున్నది. నీ మాట ఆయనకు మొదటిది. గోడకు మొదటి వరసల సందు ఇడిస్తే నడ్వదు గదా, నర్సింహా. నువ్వు నా లెక్క చేస్తే చెడగొడుతుంటివి.”

అని మళ్లీ పనిలో పడ్డారు. నాలుగైదు ఇటుకలు పెట్టాక ఉన్నట్టుండి ఆపి, లింగయ్య ఎక్కడ నిలబడి ఉన్నాడు, ఎదుటివాళ్లు ఎవరు ఎటు ఉన్నారు అని అడిగారు. చెప్పాను. ఎంత దూరం అని అడిగారు. తాపీ మొనతో పరంజా చెక్క మీద గీసి చూపించాను. ఆయన ఆ గీతలు చాలాసేపు చూశారు. “ఏసేటోడు,” అన్నారు మెల్లగా. అంతవరకు నెమ్మదిగా ఉన్న ముఖం ఒక్కసారి ముసలిదైపోయింది. తను పాతిన స్తంభాల కిందే, మిర్యాలగూడ గడ్డ మీద, తన పిల్లలు గెలవాలని ఆయన ఎన్నేళ్లుగా ఎదురుచూశారో నాకు అప్పుడు గాని తట్టలేదు. ఆ రోజు మార్తమ్మ తెచ్చిన సద్ది ఆయన సగమే తిన్నారు. మిగతా సగం మార్తమ్మ నాకు పెట్టింది. తినిపో కొడుకా అంది.

లింగయ్య తిరిగి వచ్చాడు. ఎవరు చెప్పి పంపారో నేను అడగలేదు. మరుసటి ఏడు కోదాడలో పోటీ పెట్టినప్పుడు నేను మల్లయ్య దగ్గరికి వెళ్లి, ఏ బస్సుకు పోయి ఏ బస్సుకు వస్తామో చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. “ఏ యాళ్లకు వస్తరో చెప్పకు సారు. ఆట అయినంక తోలుకరా, అంతే,” అన్నాడు. ఆ రాత్రి పిల్లలందరినీ సారు కూతురు ఇంట్లోనే పడుకోబెట్టాం. ఆటలో మాత్రం మిర్యాలగూడ చేతిలో మళ్లీ ఓడిపోయాం, అదీ ఒక పాయింటుతో కాదు. సారు గీత బయట నిలబడి చూశారు. పిల్లలు ఒక్కరూ ఆయన వైపు చూడలేదు, ఆటలో మునిగి ఉన్నారు. అది చూసి ఆయన సంతోషించారని మార్తమ్మ తర్వాత చెప్పింది. ఆ వానకాలం జ్వరం వచ్చి సారు పోయారు. సమాధి గచ్చు చేయడానికి కోదాడ మేస్త్రీలు ఎవరూ కూలి తీసుకోలేదు.

తర్వాత చాలాకాలం ఆ పనిలోనే ఉన్నాను. మిర్యాలగూడను గెలిచాం కూడా, ఒకసారి కాదు. ఆ ఆటలు నాకు సరిగా గుర్తు లేవు. ఎవరు వేశారో, ఎంత తేడాతో గెలిచామో అడిగితే చెప్పలేను. లింగయ్య చదువుకుని తాలూకా కచేరీలో గుమాస్తా అయ్యాడు, పెన్షను తీసుకుని చాలా ఏళ్లయింది. అప్పుడప్పుడు మా ఇంటికి వస్తాడు. పిల్లల సంగతులు, మోకాళ్ల నొప్పుల సంగతులు అయ్యాక, వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగుతాడు. ఆగుతాడని నాకు ముందే తెలుసు.

“ఆ దినం నేను ఏసేటోణ్ణే సారు,” అంటాడు.

“ఏసేటోనివే లింగయ్యా,” అంటాను.

వాడికి కోపం లేదు. నాకూ వాణ్ణి ఊరడించాలని లేదు. ఆ బంతి పడేదని నేను నిజంగానే నమ్ముతాను. మళ్లీ ఆ బస్సు హారను వినబడితే వాణ్ణి మళ్లీ అలాగే ఆ బాట మీద దించుతానని కూడా నాకు తెలుసు. ఈ రెంటిలో ఏదో ఒకటి చాలని సారు ఆ పరంజా మీద చెప్పి ఉంటే నాకు తేలికయ్యేది. ఆయన చెప్పలేదు. లింగయ్య చెప్పులు వేసుకుని, కర్ర అందుకుని, వెలుతురు ఉండగానే పోతా సారు అని మెట్లు దిగుతాడు. మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలో నిలబడి చూస్తాను.